పాట కోసం జనవరి ప్రయాణం: ఐనవోలు, హన్మకొండ, కేస్లాపూర్

జానపదాన్ని ఫోన్‌లో కాకుండా నేరుగా వినాలనుంటే ఉత్తర తెలంగాణకి జనవరిలో వెళ్ళాలి. భోగికి ఐనవోలు మల్లన్న జాతర మొదలై ఉగాది దాకా సాగుతుంది. సంక్రాంతి తర్వాత ఆదివారాలన్నీ కొమురవెల్లి మల్లన్నవి. పుష్య అమావాస్య రాత్రి ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండుల నాగోబా పూజ. రెండేళ్ళకోసారి మాఘంలో మేడారం. వీటి మధ్య హన్మకొండలో ఏదో ఒక స్టేజీ మీద ఏదో ఒక ప్రోగ్రాం ఉండనే ఉంటుంది. అన్నీ ఒకే సెలవులో పట్టలేం కాబట్టి నేనూ మా చెల్లెలూ కూర్చుని మూడు చోట్లు తేల్చుకున్నాం. కొమురవెల్లి వదిలేశాం. ఆదివారం అక్కడ దర్శనం లైన్‌లోనే పొద్దు గుంకుతుంది. మేడారం పెద్ద జాతర మొక్కున్నవాళ్ళు వెళ్ళాల్సింది. పాట వినడానికని అంత జనంలోకి వెళ్తే మాత్రం ఫలితం తక్కువ.

హైదరాబాద్ నుంచి రైల్లో వెళ్ళేవాళ్ళు వరంగల్ దాకా పోకుండా కాజీపేటలో దిగితే హన్మకొండ దగ్గర. పండగ ముందు మాకు రైల్లో సీట్లు దొరకలేదు, ఉప్పల్‌లో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం పుణ్యాన చెల్లెకి జీరో టికెట్, నాకు డబ్బుల టికెట్. సీటు మాత్రం జనగామ దాకా ఇద్దరికీ లేదు.

బస గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే పాటల కోసం వచ్చేవాళ్ళ అవసరం వేరు. ఏసీ ఉందా, టీవీ ఉందా అన్నది తర్వాత. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు? ఫోన్‌లోనే అడగండి. హన్మకొండ చౌరస్తా దగ్గర మేం మొదట చూసిన లాడ్జి శుభ్రంగానే ఉంది, రేటూ తక్కువే. "పదకొండు దాటితే గేటు తీయం సార్, ఓనర్ ఒప్పుకోడు" అన్నాడు మేనేజర్. డోలు మీద మల్లన్న కథ పాడి చెప్పే ఒగ్గు కథ పదకొండుకి అప్పుడే వేడెక్కుతుంది. దండం పెట్టి బయటికొచ్చి, నాలుగు వందలు ఎక్కువ పెట్టి ఇంకోచోట దిగాం. అక్కడ గదిలో గీజర్ లేదు, పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే వేడినీళ్ళు. కానీ వాచ్‌మన్ బంగారం. రాత్రి రెండింటికి తలుపు తీసి, మా మొహాల మీది పసుపు చూసి, "మల్లన్న కాడికెళ్ళా? పోండి, పడుకోండి" అన్నాడు. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే నక్కలగుట్టలో టూరిజం వాళ్ళ హరిత కాకతీయ ఉంది, పిల్లలతో వచ్చేవాళ్ళకి అది నయం.

ఐనవోలు హన్మకొండ నుంచి ఇరవై కిలోమీటర్ల లోపే. కాకతీయుల కాలపు గుడి, వరంగల్ కోటలో ఉన్నలాంటి రాతి తోరణాలు ఇక్కడా ఉన్నాయి. మామూలు రోజుల్లో వస్తే వాటిని తీరిగ్గా చూడొచ్చు. జాతరలో ఎటు చూసినా పసుపే. బండారి అనే ఆ పసుపు చల్లుతూనే ఉంటారు, తెల్ల చొక్కాలు వేసుకోకండి. దేవుడు పూనిన శివసత్తులు ఊగుతుంటే దారి ఇచ్చి పక్కకి నిలబడాలి, సెల్ఫీలకి అది చోటు కాదు.

మేం వెళ్ళింది పట్నాలనే రంగుల ముగ్గుల దగ్గర పాడే పాట కోసం. మొక్కు ఉన్న కుటుంబం ఒగ్గు పూజారులతో మాట్లాడుకుంటుంది. పూజారి నేలమీద పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడితో గీత మీద గీత వేస్తూ పట్నం పరుస్తాడు. చుట్టూ ఆ ఇంటివాళ్ళు కూర్చుంటారు. డోలు మొదలవుతుంది, తాళం కలుస్తుంది, మల్లన్న పుట్టుక, బలిజ మేడలమ్మతో పెళ్ళి, గొల్ల కేతమ్మ గొడవ ఒక్కొక్కటే వస్తాయి. మేం నిలబడి చూస్తుంటే ఆ ఇంటి పెద్దమ్మ చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "పట్నం కాడ నిలబడొద్దు బిడ్డా, కూసోండ్రి" అని చెరో గుప్పెడు సకినాలు పెట్టింది. సకినం కొరికిన చప్పుడు కూడా తప్పుగా అనిపించేంత దగ్గరగా ఉన్నాం.

ఇక్కడ నాకు అర్థం కాక ఆశ్చర్యపోయింది శబ్దం సంగతి. పక్కపక్కనే పట్నాలు, ఒక్కో దాని దగ్గర ఒక్కో డోలు, ఎవరి దగ్గరా మైకు లేదు. దూరం నుంచి వింటే ఒట్టి రొద. నాలుగడుగుల దూరంలో కూర్చుంటే మాత్రం మన డోలు తప్ప ఇంకోటి వినపడదు. పాడే ఆయన ఎక్కడ గొంతు దించితే జనం ముందుకు వంగుతారో ఆయనకి తెలుసు, అక్కడే దించుతాడు. కమిటీవాళ్ళ స్పీకర్లో తప్పిపోయిన పిల్లవాడి చొక్కా రంగు చెప్తున్నంతసేపూ పాట ఆపి తాళం మాత్రం నడిపాడు. అది అయ్యాక సరిగ్గా ఆపిన మాట దగ్గరే అందుకున్నాడు.

రాత్రి గుడికి కాస్త దూరంలో ఒక కుటుంబం వేసిన టెంటు కింద అసలు కథ విన్నాం. ప్రధాన కథకుడు ఒక్కడే అన్ని పాత్రలూ. తువ్వాలు తలమీద వేసుకుంటే ఆడబిడ్డ, నడుముకి చుట్టుకుంటే గొల్లాయన. పక్కనున్న వంతపాటగాడు మధ్యలో అడ్డు ప్రశ్నలు వేసి నవ్విస్తాడు. ఆ రోజు ఆయన మిరపకాయ ధర మీద వేసిన జోకులు ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి తెచ్చే రైతులకి మనకంటే బాగా అందాయి, నవ్వు అటువైపు నుంచే ముందు వచ్చింది. ఎవరైనా కట్నం చదివిస్తే ఆ పేరునీ ఊరునీ పాటలోనే కలిపేస్తారు. చెల్లె వంద ఇచ్చింది. మా ఇంటి పేరు మేడలమ్మ పెళ్ళి మధ్యలో వినపడేసరికి ఇంకో వంద ఇవ్వబోయింది, నేనే ఆపాను.

సౌకర్యాలు యావరేజ్. నీళ్ళ ట్యాంకులు ఉన్నాయి, టాయిలెట్లు సాయంత్రానికి పనికిరాకుండా పోయాయి. రాత్రి ఒంటిగంటకి బస్సు లేదు. షేర్ ఆటోవాడు మనిషికి వంద అడిగి, పన్నెండు మందిని ఎక్కించాడు. సొంత బండి ఉంటే ఊరి బయటే పెట్టి నడవండి.

ఒగ్గు కథని గుడి ముందు నుంచి స్టేజీ మీదికి తెచ్చినవాళ్ళలో జనగామ వైపు చుక్క సత్తయ్య, వేములవాడ దగ్గరి మిద్దె రాములు పేర్లు ముందు చెప్పాలి. సత్తయ్య 2017లో పోయారు. వాళ్ళు స్టేజీ ఎక్కినా కథని వదల్లేదు. ఇప్పుడు ప్రభుత్వ కార్యక్రమాల్లో కనపడేది ఎక్కువగా ఒగ్గు డోలు విన్యాసం: వరసగా డోళ్ళు, ఒకరి భుజాల మీద ఒకరు, పది నిమిషాలు. చూడ్డానికి బాగుంటుంది, పిల్లలు చప్పట్లు కొడతారు. కథ మాత్రం ఉండదు.

ఆ తేడా మర్నాడు సాయంత్రం హన్మకొండలోనే బాగా తెలిసింది. ఈ ఊరికి ఇప్పుడు హాళ్ళకి కొరత లేదు. పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణం ఎప్పట్నుంచో ఉంది. కాళోజీ శతజయంతికి తలపెట్టిన కళాక్షేత్రం పదేళ్ళకి, 2024 నవంబర్‌లో తెరుచుకుంది. మేం వెళ్ళిన కార్యక్రమం ఏ హాల్లోనో, ఎవరు పెట్టారో చెప్పను. మెత్తటి కుర్చీలు, ఫ్రీ ఎంట్రీ, మంచి టీ. కళాకారులకి తలా ఎనిమిది నిమిషాలు, వక్తలకి లెక్క లేదు. చిందు యక్షగానం బృందం మొహాలకి రంగేసుకుని కిరీటాలు కట్టుకోవడానికి పట్టిన టైంలో పదో వంతు కూడా స్టేజీ మీద దక్కలేదు. ఆ కళకి 2024లోనే జనగామ జిల్లా గడ్డం సమ్మయ్యకి పద్మశ్రీ వచ్చింది. ఆ సంగతి వక్తలందరూ చెప్పారు, చెప్తూ చెప్తూ బృందం టైం తినేశారు. పైగా డోలుకి సౌండ్ ఆయన ఎకో పెట్టాడు. ఎవరు చెప్పారో ఆయనకి, డోలుకి ఎకో కావాలని!

అదే ఊళ్ళో ఇంకో రాత్రి, ఒక కెఫే మేడ మీద, ఇంజినీరింగ్ కుర్రాళ్ళ బ్యాండు. రెండు వందల టికెట్, అందులోనే ఒక కాఫీ. నేను పెద్దగా ఆశ పెట్టుకోలేదు. పెళ్ళి బరాత్‌లలో మోగే డీజే జానపదాలనే గిటార్ మీద వాయిస్తారనుకున్నాను. ఇవాళ ఫోక్ సాంగ్ అంటే కరీంనగర్, గోదావరిఖని వైపు స్టూడియోల్లో తీసి యూట్యూబ్‌లో వదిలే వీడియోలే అందరికీ గుర్తొస్తాయి కదా. వాటిని తక్కువ చేయను, బరాత్‌లో అవే కావాలి. వీళ్ళది వేరే దారి. గిటార్, చెక్కపెట్టె మీద కూర్చుని వాయించే కహోన్, ఒక పిల్లనగ్రోవి, ఒక డప్పు. పాడే అమ్మాయి ములుగు వైపుది, నాట్ల పాటలు వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకుందట.

జనవరి చలికి డప్పు చర్మం మెత్తబడిపోయింది. ఊళ్ళో అయితే గడ్డి మంట వేసి కాస్తారు. మేడ మీద ఎక్కడ వేస్తారు? డప్పు అబ్బాయి వంటింట్లోకి వెళ్ళి గ్యాస్ స్టవ్ మీద తిప్పితిప్పి కాచుకొచ్చాడు, వెనకాలే ఓనర్ టెన్షన్‌గా. "ఫైబర్ డప్పుకి ఈ తిప్పలు లేవు అన్నా. కానీ దానికి మోత రాదు" అన్నాడు నాతో. సిర్ర పుల్ల పడగానే ఆ అబ్బాయి మాట నిజమని తెలిసింది.

మొదటి మూడు పాటలు నాకు నచ్చలేదు. నాట్ల పాట మూడు నాలుగు స్వరాల మధ్యే తిరుగుతుంది, అందం మాటల్లోనూ లయలోనూ ఉంటుంది. దాని కింద గిటార్ అబ్బాయి తెగ కార్డ్స్ మార్చుతుంటే సినిమా పాటలాగా తియ్యగా అయిపోయింది. నాలుగో పాటకి వాడు ఒకే తీగని శ్రుతిలాగా మీటుతూ ఉండిపోయాడు. అంతే, అమ్మాయి గొంతు విడిగా నిలబడింది, వంత పాడేవాళ్ళు ఒకరి మాట మీద ఒకరు ఎక్కారు, డప్పు నడక పట్టింది. ముందు వరసలో ఫోన్లు పట్టుకున్నవాళ్ళు కూడా వాటిని దించి చప్పట్లతో కలిశారు. వెనక నుంచి ఎవరో డీజే పాట అడిగితే ఆ అమ్మాయి "అది మా అన్న పెళ్ళిలో పాడతా, రండి" అని నవ్వి తప్పించుకుంది. ఈ పిల్లలు ఇంకో రెండేళ్ళు విడిపోకుండా ఉంటే గట్టి బ్యాండు అవుతారని నా నమ్మకం. ఉద్యోగాలొచ్చి హైదరాబాద్, బెంగళూరు పోతారేమోనని భయం కూడా.

ఊరూరా తిరిగి పాడే బుడగ జంగాల కథల కోసం వరంగల్ జిల్లా దుగ్గొండి వైపు వెళ్దామనుకున్నాం. 2023లో 'బలగం' సినిమా చివర్లో పాడి రాష్ట్రమంతా ఏడిపించిన మొగిలయ్య, కొమురమ్మలది ఆ ప్రాంతమే. మొగిలయ్య 2024 డిసెంబర్‌లో కన్నుమూశారు. పండగ రోజుల్లో చెప్పాపెట్టకుండా ఇళ్ళమీదికి వెళ్ళడం పద్ధతి కాదని చెల్లె అంది, మానేశాం.

కేస్లాపూర్ ప్రయాణం పెద్దది. కాజీపేటలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి మంచిర్యాలలో దిగి, లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు మీదుగా బస్సుల్లో వెళ్ళాం. జన్నారం దాటాక కవ్వాల్ అడవి. ఉట్నూరులో గదులు దొరకవు, నాగోబా దర్బార్‌కి వచ్చే అధికారులూ సిబ్బందీ ముందే నింపేస్తారు. జన్నారంలో ఆగడం మేలు, దూరమైనా నిద్ర పడుతుంది. దుప్పట్లు సొంతంగా తీసుకెళ్ళండి, ఆదిలాబాద్ చలి హన్మకొండ చలి కాదు. తిండికి ఇబ్బంది లేదు, రోడ్డు పక్కన వేడి జొన్న రొట్టె, పప్పు, ఎర్ర కారం.

నాగోబా మెస్రం వంశంవాళ్ళ దేవుడు. వాళ్ళు జన్నారం మండలం హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్ళు కాలినడకన తెచ్చి అమావాస్య రాత్రి అభిషేకం చేస్తారు. కొత్త కోడళ్ళని దేవుడికి చూపించే భేటింగ్ కూడా అప్పుడే. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన తర్వాత, గోండుల కష్టాలు వినడానికి మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మొదలుపెట్టించిన దర్బార్ ఇప్పటికీ నడుస్తోంది. ఇది మనకోసం పెట్టిన షో కాదు కాబట్టి పూజ దగ్గర ఫోన్ ఎత్తే ముందు పెద్దల్ని అడగాలి. అడిగితే మర్యాదగానే చెప్తారు, వద్దంటే వద్దు.

గోండుల వంశ చరిత్రలు పాడేది ప్రధాన్ తెగవాళ్ళు, కిక్రి మీద. మూడు తీగలు, కమానుతో లాగే వాయిద్యం, సన్నటి గొంతు. సాయంత్రం జాతర మైదానంలో దాన్ని వినాలనుకుంటే కుదరదు, రంగులరాట్నం స్పీకర్లు మింగేస్తాయి. పొద్దున్నే మెస్రం కుటుంబాలు దిగే మర్రిచెట్ల వైపు వెళ్ళండి. మాకు అక్కడే ఒక పెద్దాయన పాట దొరికింది. గోండీ ఒక్క ముక్క రాదు మాకు. పక్కన కూర్చున్న కుర్రాడు మధ్యమధ్యలో "ఇప్పుడు రాజు అడవిలోకి పోతున్నడు" అని చెప్తుంటే, కథ కంటే ఆ కమాను తీగ మీద ఆగే చోట్లే నన్ను పట్టుకున్నాయి. సన్నాయిలాంటి పేప్రే, డోళ్ళు అందుకున్నాక ఇక ఆ సన్న గొంతు వినపడలేదు. మేం విన్నవాటిలో మొదటి స్థానం దీనిదే అంటాను. చెల్లె ఐనవోలుకే ఓటేస్తుంది, తన పేరు పాడారు కదా.

నెమలి ఈకల టోపీల గుస్సాడీ కోసం చాలామంది నాగోబాకి వచ్చి నిరాశపడుతున్నారు. ఆ నాట్యం దీపావళి ముందు దండారీ పండగల్లో చూడాలి. దానికి పద్మశ్రీ తెచ్చిన కనకరాజుది మార్లవాయి. ఆయన 2024 అక్టోబర్‌లో పోయారు, దండారీలు మాత్రం ఊరూరా నడుస్తూనే ఉన్నాయి. ఈ దీపావళికి అటు వెళ్దామని చెల్లె ఇప్పుడే లీవ్ పెట్టేసింది. మంచిర్యాల దాకా భాగ్యనగరే, అక్కణ్ణుంచి పైకి ఈసారి బస్సుల్ని నమ్ముకోకుండా జీపు మాట్లాడుకోవాలి.