కోర్టు ఎదురు జిరాక్స్ షాపు, ఒక చెక్ మంత్రి ఫైలు

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో జిరాక్స్ మిషన్లకు కొదవ లేదు. కాగితం విలువ తెలిసిన షాపు మాత్రం నా లెక్కలో ఒక్కటే. కోర్టు ఎదురు సందులో, టీ కొట్టు దాటాక ఎడమ చేతి వైపు ఉంటుంది. బోర్డు మీద పేరు ఒడియాలో, ఇంగ్లీషులో, తెలుగులో రాసి ఉన్నా ఊళ్లో ఎవరూ ఆ పేరు పలకరు. "కోర్టు జిరాక్స్" అంటేనే ఆటోవాడు తీసుకెళ్తాడు. వాయిదాల రోజుల్లో నా అఫిడవిట్లన్నీ తయారయ్యేది అక్కడే. ఈసారి ఇచ్చిన పని వేరు గనక నాలుగు ముక్కలు రాస్తున్నాను.

లా చదివి, రాజకీయాల్లో దిగి, ఆపైన దౌత్యం కూడా నడిపిన వాళ్ల మీద ఒక్కొక్కరికీ ఒక ఫైలు కట్టించుకోవడం నాకో పిచ్చి. మొదటిది, అడగక్కర్లేదు, బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి గారిది. డబ్లిన్‌లో లా, మద్రాసులో మంత్రి పదవి, 1947లో సిలోన్‌కి హైకమిషనర్, ఆ తర్వాత రాష్ట్రపతి భవనం. రెండోది చెకొస్లొవేకియా విదేశాంగ మంత్రిగా చేసిన యిర్జీ హాయెక్‌ది. గిరి గారు డబ్లిన్ వెళ్లిన 1913లోనే ఈయన పుట్టాడు. మన బార్‌లో జూనియర్లకి ఈ పేరు తెలియదు. సీనియర్లకీ తెలియదు గానీ వాళ్లు ఒప్పుకోరు.

పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినవి 1968 ఆగస్టు నాటి భద్రతా మండలి సమావేశాల రికార్డు, చార్టర్ 77 అనే చెకొస్లొవేకియా పౌరుల హక్కుల ప్రకటన ఇంగ్లీషు ప్రతి, 1966 నాటి ఐక్యరాజ్యసమితి హక్కుల ఒడంబడికలు రెండూ. వీటితో పాటు హాయెక్ జీవితం మీద చేత్తో రాసుకున్న తెలుగు కాగితాలు. గిడుగు వారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు కదా, గ్రాంథికం జోలికి పోలేదు.

ఇక పని సంగతి. భద్రతా మండలి రికార్డు పాత టైపు ప్రతికి తీసిన స్కాన్. అంచులన్నీ నల్లటి నీడలు, మధ్యలో చుక్కలు. వేరే చోటయితే అలాగే నొక్కేసి డబ్బులడుగుతారు. ఇక్కడ ఓనరు ముందు ఒక్క పేజీ తీసి, వెలుతురు వైపు తిప్పి చూసి, అంచులు కత్తిరించి, నలుపు తగ్గించి మళ్లీ తీశాడు. కుట్టు పడే వైపు అంగుళంన్నర ఖాళీ వదిలాడు, నేను చెప్పకుండానే. మొదటి ప్రింటులో చెక్ పేర్లలో అక్షరాల నెత్తి మీద కొక్కేలూ గీతలూ ఉన్న చోటల్లా ఖాళీ డబ్బాలు పడ్డాయి. వాళ్ల అబ్బాయి ఫాంటు మార్చి సరిచేశాడు, పాడైన కాగితాలకి డబ్బు తీసుకోలేదు.

తెలుగు టైపింగు చేసే అమ్మాయి పాతపట్నం ఆడపడుచు, ఇక్కడ కోడలు. చేతిరాత చదవడంలో ఆమెకి సాటి లేదు, నా రాత నాకే అర్థంకాని చోట కూడా సరిగ్గా కొట్టింది. సగం అయ్యాక తలెత్తి అడిగింది: "ఏటండీ లాయరు గారూ, ఈ మనిషి ఎన్ని పార్టీలు మారాడు?"

న్యాయమైన ప్రశ్న. ప్రాగ్ చార్లెస్ విశ్వవిద్యాలయంలో లా చదివిన హాయెక్ మొదట సోషల్ డెమొక్రాట్. 1939లో నాజీలు పట్టుకుపోతే యుద్ధం ముగిసేదాకా జైల్లోనే. 1948లో కమ్యూనిస్టులు గద్దె చేజిక్కించుకున్నప్పుడు వాళ్ల పక్కన నిలబడ్డాడు. తన పార్టీ వాళ్ల పార్టీలో కలిసిపోతే తనూ కలిశాడు. ఆపైన పదవులకి లోటు లేదు. 1955లో లండన్‌కి రాయబారి, 1962లో ఐక్యరాజ్యసమితిలో ప్రతినిధి, 1965లో విద్యామంత్రి, 1968 ఏప్రిల్‌లో సంస్కరణలకి పూనుకున్న కమ్యూనిస్టు నేత దూబ్చెక్ హయాంలో విదేశాంగ మంత్రి. ఇక్కడిదాకా చదివిన వాళ్లకి గాలివాటు మనిషి అనిపిస్తే తప్పు పట్టను. 1948 నాటి హాయెక్ నాకూ నచ్చడు. "ఆగమ్మా, ఇంకా పేజీలున్నాయి కదా" అన్నాను ఆ అమ్మాయితో.

1968 ఆగస్టు 20 రాత్రి సోవియట్ సేనలు, వాటి మిత్ర సేనలు దేశంలో దిగేసరికి ఆయన సెలవు మీద యుగోస్లావియాలో ఉన్నాడు. నేరుగా న్యూయార్క్ వెళ్లాడు. ఆగస్టు 24న భద్రతా మండలిలో లేచి, మా ప్రభుత్వం ఎవరినీ సాయానికి పిలవలేదు, ఈ ఆక్రమణకి చట్టంలో ఆధారం లేదు అన్నాడు. ఆ గంటకి మాస్కోలో దూబ్చెక్ బృందాన్ని కూర్చోబెట్టి సంతకాల కోసం మెడలు వంచుతున్నారు. ఆ ప్రసంగం ప్రింటు చేత్తో పట్టుకుని చదివితే తెలుస్తుంది, ఎక్కడా అరుపు లేదు, తిట్టు లేదు. కేసు బలంగా ఉన్న వకీలు వాదన అది. ఖండన తీర్మానాన్ని సోవియట్ వీటో అంతకుముందే కొట్టేసింది. అనుకూలం 10, వ్యతిరేకం 2, తటస్థం 3. ఆ ముగ్గురిలో మనమూ ఉన్నాం. అది నచ్చకే అశోక్ మెహతా ఇందిరాగాంధీ మంత్రివర్గం నుంచి తప్పుకున్నాడు. హాయెక్ మీద సోవియట్ పత్రిక ఇజ్వెస్తియా, నాజీల రహస్య పోలీసులైన గెస్టపోతో చేతులు కలిపినవాడని రాసింది. నాజీల జైల్లో ఏళ్లు గడిపిన మనిషి మీద! సెప్టెంబరులో పదవి పోయింది, 1970లో పార్టీ నుంచి కూడా గెంటేశారు.

అసలు ఫైలు బరువంతా 1977లో ఉంది. ఐక్యరాజ్యసమితి ఒడంబడికల్ని చెకొస్లొవేకియా ప్రభుత్వం ధ్రువీకరించి, 1976 అక్టోబరు 13న తన సొంత చట్టాల సంపుటిలో 120 నంబరు కింద అచ్చేసింది. ఎవరు చదువుతార్లే అనుకుని ఉంటారు. చార్టర్ 77 మొదలయ్యేదే ఆ తేదీతో, ఆ నంబరుతో. మొదటి పేరాలోనే ఎదుటివాడి దస్తావేజు ఎదుటివాడి ముందు పెట్టడం! ఆ ప్రకటన పాఠం రాయడంలో నాటక రచయిత హావెల్‌ది పెద్ద చెయ్యి. అయితే పిటిషన్లు రాసేవాడిగా చెబుతున్నాను, అందులో వకీలు వాసన గట్టిగా తగులుతుంది. కొత్త హక్కు ఒక్కటీ అడగలేదు. మీరు అచ్చేసుకున్నదే అమలు చెయ్యండి అన్నారు. మొదట సంతకాలు పెట్టింది 240 మందికి పైగా. వాళ్ల తరఫున మాట్లాడ్డానికి ముగ్గురు, తత్వవేత్త పటోచ్కా, హావెల్, మాజీ మంత్రి హాయెక్. హావెల్‌ను జనవరిలోనే లోపలేశారు. పోలీసుల విచారణలు తట్టుకోలేక పటోచ్కా మార్చి 13న కన్నుమూశాడు. బయట మిగిలిన ప్రతినిధి 63 ఏళ్ల హాయెక్ ఒక్కడే.

ఆ ప్రకటన కాపీలు ఎలా తిరిగాయో చెబితే షాపు ఓనరు పని ఆపి మరీ విన్నాడు. అక్కడ కాపీ మిషన్ మామూలు మనిషికి అందేది కాదు. టైపు మిషన్‌లో పల్చటి కాగితాల మధ్య కార్బన్లు పెట్టి కొట్టేవారు. సంతకాలతో సహా చార్టర్‌ని ప్రభుత్వానికి అందించడానికి జనవరి 6న కారులో బయల్దేరిన వాళ్లని దారిలోనే పట్టుకున్నారు, హావెల్ కూడా అందులో ఉన్నాడు. ఓనరు తండ్రి ఇదే కోర్టు వరండాలో జాబ్ టైపిస్టు. "మా నాన్న ఒక్క దెబ్బకి ఆరు కాపీలు తీసేవాడు ఆజ్ఞా (ఒడియాలో 'అండీ'). ఆరోది అక్షరాలు కనపడేవి కాదు. అది ఎదుటి పార్టీకి ఇచ్చేవాడు" అన్నాడు.

బైండింగు గురించి చెప్పకపోతే ఈ రివ్యూ దండగ. స్పైరల్ వేస్తానంటే వద్దన్నాను. కాగితాల్ని చిన్న చిన్న కట్టలుగా మడిచి, సూదీ దారంతో కుట్టి, వీపు మీద కాలికో గుడ్డ అంటించాడు. జిగురు బజారుది కాదు. మైదా ఉడకబెట్టి, అందులో కాస్త మైలుతుత్తం కలుపుతాడు, పురుగు పట్టకుండా. ఫైలు ఏ పేజీ దగ్గర తెరిచినా పలకలా పరుచుకుంటుంది. చివరి పేజీలు మాత్రం పల్చన. 1987లో మానవ హక్కుల పనికి నార్వే వాళ్లిచ్చే రాఫ్తో బహుమతి, అది మొట్టమొదట అందుకున్నది ఈయనే. 1988లో మానవ హక్కుల కోసం పెట్టిన హెల్సింకి కమిటీ. 1993లో దేశం రెండు ముక్కలైంది, అదే ఏడాది అక్టోబరులో ఆయన పోయాడు. టైపింగు అయ్యాక ఆ అమ్మాయి ఇంకేమీ అడగలేదు, 1948 దగ్గర ఒక అక్షరదోషం ఉందని చెప్పి దిద్దింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కరెంటు పోతే పెద్ద మిషన్ ఆగిపోతుంది, ఇన్వర్టరు ఫ్యానుకే సరి. రద్దీ రోజు చెప్పిన టైముకి వెళ్తే నవ్వుతూ "కాలి ఆసంతు" (రేపు రండి) అంటాడు, ఆ రేపు ఎల్లుండి అవుతుంది. అడిగితే గానీ బిల్లు ఇవ్వడు. అన్నిటికన్నా పెద్ద లోపం, వాట్సాప్‌లో పంపిన ఫైళ్లు వాళ్ల కంప్యూటర్ తెర మీదే పడి ఉంటాయి. ఒకరి విడాకుల కాగితాలు ఇంకొకరి కంటపడేలా ఉన్నాయి. ఇది ఓనరు మొహం మీదే చెప్పాను. తల ఊపాడు, ఇంకా మారలేదు. అందుకే నా పని అవగానే నా ఎదుటే తీసేయిస్తాను, మీరూ అదే చెయ్యండి.

జిరాక్స్ పేజీకి 2 రూపాయలు, రెండు వైపులా అయితే 3. కుట్టు బైండింగు 180, స్పైరల్‌కి అందులో సగం కూడా అవదు. తెలుగు టైపింగు కావాలంటే సోమవారం వెళ్లకండి, ఆ అమ్మాయికి సెలవు. 1936కి ముందు ఈ ఊరు మద్రాసు కింద ఉన్న కాలం నాటి తాతల దస్తావేజులు పట్టుకెళ్లే వాళ్లు మాత్రం పైనున్న ఫీడరులో పెట్టనివ్వకండి. మడతల దగ్గర చిరుగుతాయి. గాజు మీద పరిచి ఒక్కొక్కటే తియ్యమని అడగండి, తీస్తాడు. దానికి ఎక్కువేమీ తీసుకోడు.