మినీ మైక్రోఫోన్ 2 ప్లస్: క్లాసులో పనికొస్తుంది, ఫంక్షన్ హాల్లో అంతంతే

కాక్లియర్ ఇంప్లాంట్ (వినపడనివాళ్లకు ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే పరికరం) పెట్టించిన పిల్ల ఇంట్లో "నీళ్లు తాగినవా?" అంటే టక్కున జవాబిస్తది. బడికి పోయి మూడో బెంచీలో కూర్చుంటే మాత్రం బిక్కమొహం వేస్తది. ఆపరేషన్ ఫెయిలైందేమోనని తల్లిదండ్రులు హైరానా పడతారు. చాలాసార్లు తప్పు ఆపరేషన్‌ది కాదు, దూరానిది, తల మీద తిరిగే ఫ్యాన్లది. ఆ రెండింటి కోసం కాక్లియర్ అనే పేరున్న కంపెనీ అమ్మే చిన్న క్లిప్ మైకే ఇది. ఆ కంపెనీ న్యూక్లియస్ 6, 7, 8 ప్రాసెసర్లతో (చెవి వెనక బయట పెట్టుకునే, శబ్దాన్ని పట్టి లోపలికి పంపే భాగం) వైర్లు లేకుండా కలుస్తుంది. వేరే కంపెనీల ఇంప్లాంట్లకు వేరే మైకులు, మెడ్‌ఎల్ వాడేవాళ్లకు ఆడియోలింక్, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ వాళ్లకు రోజర్ ఉన్నాయి కాబట్టి కొనేముందు ప్రాసెసర్ మోడల్ నంబర్ చూసుకోవాలి.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే ఇంప్లాంట్ మాటను ఎట్లా పంపిస్తుందో కొంచెం చూడాలి. మామూలు చెవిలో శబ్దాన్ని నరానికి అందించే లోపలి వరుస వెంట్రుక కణాలు దాదాపు 3,500. ఈ కంపెనీ ఇంప్లాంట్‌లో వాటి బదులు నరానికి కరెంటు అందించే 22 ఎలక్ట్రోడ్లు. ప్రాసెసర్ శబ్దాన్ని బొంగురు నుంచి కీచు దాకా 22 పట్టీలుగా విడదీసి, ఒక్కో క్షణంలో గట్టిగా ఉన్నవాటినే, సాధారణంగా 8, ఏరి పంపిస్తుంది. కాజీపేట పోయే బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టే: ఉన్నవి 8 సీట్లు. గదిలో ఫ్యాన్ మోత, రోడ్డు మీద లారీ హారన్ ముందే కర్చీఫ్ వేసేస్తే, మెత్తగా పలికే స, శ, ఫ లాంటి శబ్దాలు సీటు దొరక్క మిగిలిపోతాయి. పైగా హారన్ మోగగానే ప్రాసెసర్ తనంతట తాను వాల్యూం తగ్గించుకుంటుంది, ఆ వెనకే వచ్చిన టీచర్ మాట కూడా సన్నబడుతుంది.

ప్రతిధ్వని లేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు 6 డెసిబెల్స్ (శబ్దం గట్టితనాన్ని కొలిచే లెక్క) పడిపోతుంది. నోటికి 15 సెంటీమీటర్ల కింద, అంటే జానెడు కన్నా తక్కువ దూరంలో పెట్టిన మైక్‌కూ, 3 మీటర్ల దూరాన కూర్చున్న పిల్ల చెవికీ తేడా లెక్కేస్తే దాదాపు 26 డెసిబెల్స్. ఈ పెట్టె మీద పెట్టే డబ్బంతా ఆ 26 కోసమే. అడ్డు లేకుంటే 25 మీటర్ల దాకా అందుతుందని కంపెనీ చెప్పే మాట క్లాసుకు సరిపోయి మిగులుతుంది.

పెట్టే చోటు తప్పితే ఆ లాభమంతా నీళ్లపాలే. చీర కట్టుకున్న మేడం పైట అంచుకు క్లిప్ చేస్తే బట్ట రాపిడి గరగరలాడుతుంది. మెడలో పెడితే పుస్తెలో నల్లపూసలో తగిలి టిక్కుటిక్కుమంటాయి. ఆ శబ్దం గొంతు కన్నా గట్టిది, సీట్లన్నీ దానికే పోతాయి. ఐడీ కార్డు పట్టీని పొట్టి చేసి ఛాతీ నడుమకు తెచ్చి దానికి తగిలించడం మేలు. మైక్ నిలువుగా ఉంటే నోటి వైపు శబ్దాన్ని ఎక్కువగా పడుతుంది, టేబుల్ మీద పడుకోబెడితే చుట్టూ ఉన్నదంతా పడుతుంది. అడ్డంగా వేలాడితే టీచర్ గొంతుతో పాటు క్లాసంతా లోపలికొస్తుంది.

ప్రాసెసర్ సొంత మైకునూ దీన్నీ ఏ పాళ్లలో కలపాలో ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) మ్యాపింగ్ అప్పుడు, అంటే ప్రాసెసర్‌ను పిల్లకు సరిపోయేట్టు సరిచేసేటప్పుడు, పెడతారు. పూర్తిగా దీనికే వదిలేస్తే పక్క బెంచీ దోస్తు పిలిచినా వినపడదు, అందుకని "దోస్తు మాట కూడా కావాలి" అని అడిగి పెట్టించుకోవాలి. ఎట్లా పెట్టినా తోటి పిల్లలు చెప్పే జవాబులు ఈ మైక్‌లో పడవు. టీచర్ ఆ జవాబును తిరిగి చెప్పాలి, లేదా మైక్ చేతులు మారాలి. ఇంకో ముచ్చట: స్టాఫ్ రూంకు పోయేటప్పుడు మ్యూట్ చేయకుంటే అక్కడి కబుర్లన్నీ పిల్ల వింటుంది. లెక్కల కన్నా శ్రద్ధగా వింటుంది.

ఈ మైక్ చేయలేని పని ఒకటుంది, అమ్మేవాళ్లు అది చెప్పరు. తెలుగులో సాగదీత మీద, వత్తు మీద నిలబడ్డ తేడాలు ఇంప్లాంట్‌కు బాగానే చిక్కుతాయి: పలు–పాలు, గద–గద్ద. ఎంతసేపు అన్నది 22 పట్టీల్లోనూ తెలుస్తుంది. "వచ్చిండు", "వచ్చిండా" కూడా అంతే. గొంతు ఎత్తు సరిగా అందకపోయినా చివరి దీర్ఘం ప్రశ్నను పట్టిస్తుంది, ఆ మేరకు మన భాష కలిసొచ్చింది. కానీ పాత–పాట, కల–కళ దగ్గర తేడా నాలుక తగిలే చోటులో ఉంది. ఆ సన్నని పోలిక 22 ఎలక్ట్రోడ్లలో మసకబడుతుంది. నోటి దగ్గర మైక్ పెట్టినా అది తేరుకోదు. దానికి వినడం నేర్పే థెరపీ కావాలి, వాక్యం ఆసరా కావాలి. "పాత చొక్కా" అంటే పిల్ల ఊహించి పట్టుకుంటుంది, ఒంటి మాట డిక్టేషన్‌లో మాత్రం పొరపాటు పడుతుంది. అక్కడ మార్కులు కోయడం అన్యాయం.

పెళ్లి ఫంక్షన్ హాల్లో పదిమంది ఒకేసారి మాట్లాడుతుంటే దీనివల్ల పెద్ద లాభం లేదు, డీజే మొదలైతే అసలే లేదు. ఆటోలో పక్కన కూర్చున్న అమ్మ ఛాతీ నడుమ ఉంటే మాత్రం బాగా ఉపయోగం. ఇంట్లో ఐఫోన్ ఉండి, ప్రాసెసర్ న్యూక్లియస్ 7 లేదా ఆ తర్వాతిదైతే, ముందు ఫోన్ మైక్‌లో పడ్డ మాటను ప్రాసెసర్‌కు పంపే లైవ్ లిజన్ పెట్టి చూడండి. పైసా ఖర్చు లేదు. అయితే ఫోన్‌ను టీచర్ మెడలో రోజంతా వేలాడదీయలేం కదా.

మైక్ కలిసి ఉన్నంతసేపు ప్రాసెసర్ బ్యాటరీ తొందరగా అయిపోతుంది, బ్యాగులో ఇంకో జత ఉండాలి. పొద్దున బడిలో రెండు నిమిషాల పరీక్ష చాలు. ముందు మైక్ లేకుండా ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అని ఒక్కొక్కటి పలికి, పిల్లతో తిరిగి అనిపించాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టొద్దు, స్ శబ్దం అక్కడే ఆగిపోతుంది. పిల్ల వెనక నిలబడితే చాలు. తర్వాత మైక్ వేసుకుని తలుపు బయటికి పోయి మళ్లీ అనాలి. మొదటిసారి సరిగా వచ్చి రెండోసారి రాకుంటే మైక్‌నో, ప్రాసెసర్‌తో దాని కనెక్షన్‌నో చూడాలి. మొదటిసారే స్ రాకుంటే ప్రాసెసర్ మైక్ కవర్‌లో తడి చేరిందేమో చూసి, ఆ రాత్రి తేమ లాగే డ్రై బాక్స్‌లో పెట్టాలి. వానాకాలంలో ఇది మామూలే.