లినక్స్ డ్రైవర్లలో డెవ్‌ఎం: చాన్నాళ్ళు వాడినాక, ఆ వరస మీద నా కోపం

డెవ్‌ఎం అంటే, డ్రైవర్ తీసుకున్న మెమరీ, ఇంటరప్ట్ లాంటివన్నీ డ్రైవర్ పోయేటప్పుడు కెర్నెలే, ఆఖరున తీసుకున్నది ముందుగా, వదిలేసే ఏర్పాటు. దాని గురించి అందరూ పొగిడేది నేను కూడా పొగుడుతా, కానీ ఒక్క విషయంలో మాత్రం నాకు దానిమీద ఇంకా మంట తగ్గలా. డ్రైవర్ తీసేటప్పుడు అది పని మొదలుపెట్టేది, కెర్నెల్ ముందు పిలిచే మన రిమూవ్ ఫంక్షన్ అయిపోయినాకే. డాక్యుమెంటేషన్‌లో ఉండేదే, దాచిపెట్టిందేం లేదు, అయినా సగం డెవ్‌ఎం సగం మామూలు కాల్స్ కలిపి రాసిన డ్రైవర్ చేతికొస్తే ఆ ఒక్క ముక్క ఎంత పని చేస్తాదో చెప్దామని ఇది రాస్తా ఉండా.

నేనుండేది నెల్లూరు. రొయ్యల గుంటలకి కంట్రోలర్ పెట్టెలు చేసే చిన్న టీమ్‌లో కెర్నెల్ పని నాది, మా పెట్టెలు ఎక్కువగా ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు సైడు ఉంటాయి. నీళ్ళలో డీవో, అంటే కరిగిన ఆక్సిజన్, ఎంతుందో సెన్సర్ చూస్తాది, తగ్గితే రిలే ఆన్ అయ్యి ఏరేటర్లు (నీళ్ళకి గాలి పట్టించే యంత్రాలు) తిరుగుతాయి, అంతే సంగతి. బోర్డు మీద లినక్స్, సెన్సర్ చిప్ ఐ2సీ అనే రెండు తీగల బస్ మీద, దానికో ఇంటరప్ట్ లైను, అంటే చిప్ ప్రాసెసర్‌ని పిలిచే తీగ.

ముందు నచ్చింది చెప్పేస్తా. 2007లో కెర్నెల్ డెవలపర్ టెజున్ హియో దీన్ని 2.6.21 కెర్నెల్‌లోకి తెచ్చింది సాటా (డిస్క్) డ్రైవర్ల గోల తట్టుకోలేక, ఆ గోల ఏందో పాత డ్రైవర్ ఏదైనా తెరిచి ప్రోబ్ (డివైస్‌ని లేపే ఫంక్షన్) చివర, ఫెయిలయితే తీసుకున్నవి ఒక్కొక్కటే వదిలే గోటు లేబుళ్ళ వరస చూస్తే తెలుస్తాది. మాకు దీని విలువ తెలిసింది డిఫర్డ్ ప్రోబ్ దగ్గర. మా బోర్డులో రెగ్యులేటర్ (చిప్‌కి కరెంటు ఇచ్చేది) డ్రైవర్ ఆలస్యంగా లేస్తాది, అందుకని సెన్సర్ ప్రోబ్ బూట్ అయ్యేటప్పుడు మధ్యలో ఫెయిలయ్యి, అన్నీ వదిలేసి, మళ్ళీ మొదట్నించీ మొదలవుతాది. అంటే ఎర్రర్ దారి అనేది ఎప్పుడో ఏడాదికోసారి నడిచేది కాదు, ప్రతి బూట్‌కీ నడిచేదే, అక్కడ చేత్తో రాసిన క్లీనప్‌లో ఒక్క లేబుల్ తప్పినా రోజూ లీకే. డెవ్‌ఎంతో ఆ బాధ పూర్తిగా పోయింది, ఇందులో రెండో మాట లేదు. మా టీమ్‌లో కొత్తగా చేరినోళ్ళకి కళ్ళు మూసుకోని డెవ్‌ఎం వాడండి అని చెప్పింది కూడా అందుకే. ఇప్పుడైతే కళ్ళు తెరుచుకోనే వాడమంటా.

ఇక అసలు కథ. సెన్సర్ చిప్‌కి డ్రైవర్ మేం రాసింది కాదు, బోర్డు అమ్మినోళ్ళతో వచ్చింది. చూడ్డానికి నీట్‌గానే ఉండె. మెమరీ డెవ్‌ఎం, రెగ్యులేటర్ తీసుకోవడం డెవ్‌ఎం, ఇంటరప్ట్ డెవ్‌ఎం. కానీ రెగ్యులేటర్ ఎనేబుల్ చేసింది మామూలు కాల్‌తో, వర్క్‌క్యూ (తర్వాత చేసే పనుల వరస) తయారు చేసింది కూడా మామూలు కాల్‌తోనే. కాబట్టి రిమూవ్‌లో ఏం పెట్టారంటే, వర్క్‌క్యూ డిస్ట్రాయ్ చెయ్యి, రెగ్యులేటర్ డిసేబుల్ చెయ్యి, చిప్ పూర్తిగా ఆగేదానికి 20 మిల్లీసెకన్లు పడుకో, అయిపోయింది. చదివితే తప్పేముంది అనిపిస్తాది.

ఫీల్డ్‌లో సెన్సర్ ఒకే రీడింగ్ దగ్గర బిగుసుకుపోతే మా స్క్రిప్ట్ సిస్‌ఎఫ్‌ఎస్ (కెర్నెల్ సంగతులు ఫైళ్ళలా కనిపించే చోటు) నుంచి డ్రైవర్‌ని అన్‌బైండ్ చేసి, అంటే చిప్ నుంచి విడదీసి, మళ్ళీ బైండ్ చేస్తాది. ఒకరోజు మధ్యాహ్నం విడవలూరు సైడు ఒక రైతు నుంచి ఫోను, "ఏంది అబ్బయ్యా, మీ పెట్టె ఏరేటర్లు ఆపేసి మళ్ళీ అదే ఏసుకుంటా ఉండాదే" అని. మధ్యాహ్నం కాబట్టి సరిపోయింది, ఎండ ఉన్నంతసేపు నీళ్ళలో ప్లాంక్టన్ ఆక్సిజన్ చేస్తా ఉంటాది, అదే తెల్లారుజామున, డీవో అడుక్కి పోయే టైంలో అయ్యుంటే వెనామీ రొయ్యల గుంట గతి ఏంటో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పబన్లా. లాగ్ తెప్పించుకుంటే కెర్నెల్ పానిక్, అదీ ఇంటరప్ట్ హ్యాండ్లర్ లోపల. ఇంటరప్ట్‌లో ఊప్స్, అంటే కెర్నెల్ ఎర్రర్, వస్తే కెర్నెల్ ఇంక ముందుకు పోదు, బోర్డు రీబూట్, రిలేని నడిపే జీపీఐఓ పిన్ను పడిపోద్ది, రిలే పడిపోద్ది, ఏరేటర్లు ఆగుతాయి.

ఆఫీసులో టేబుల్ మీద ఎంతసేపు అన్‌బైండ్, బైండ్ తిప్పినా రాలా. డివైస్‌రెస్ (డెవ్‌ఎం కింద నడిచే కోడ్) డీబగ్ ఆప్షన్ ఆన్ చేసి కెర్నెల్ కట్టి, బూట్ లైన్లో దాని లాగ్ పారామీటర్ 1 పెడితే ప్రతి రిసోర్స్ ఎప్పుడు చేరింది, ఎప్పుడు వదిలింది వరసగా చూపిస్తాది, ఇది చాలామంది వాడరు గానీ మంచి వస్తువు. అందులో తేలింది ఇది: రిమూవ్ మొత్తం, ఆ 20 మిల్లీసెకన్ల నిద్రతో సహా, అయిపోయినాకే ఐఆర్‌క్యూ, అంటే ఆ ఇంటరప్ట్, ఫ్రీ అవుతా ఉంది. అంటే వర్క్‌క్యూ పోయినాక కూడా ఇంటరప్ట్ బతికే ఉంది. సరే, ఉంటే ఉంది, కొట్టేవాడు ఎవడు, చిప్‌కి కరెంటే లేదు కదా అనుకున్నాం. అక్కడే ఉంది తమాషా. ఆ ఇంటరప్ట్ లైనుని పైకి పట్టి ఉంచే పుల్-అప్ రెసిస్టర్ కట్టింది సెన్సర్‌కి కరెంటు ఇచ్చే రైలుకే! రెగ్యులేటర్ ఆపితే రైలు పడుద్ది, రైలుతో పాటు లైను కూడా కిందకి పడుద్ది, ఎస్ఓసీ (బోర్డు మీది ప్రాసెసర్ చిప్) దాన్ని ఫాలింగ్ ఎడ్జ్, అంటే చిప్ పంపిన ఇంటరప్ట్, అనుకోని హ్యాండ్లర్‌ని పిలుస్తాది, ఆ హ్యాండ్లర్ చేసే పని ఒక్కటే, అప్పటికే పోయిన వర్క్‌క్యూలో పని పడెయ్యడం. టేబుల్ మీద ఎందుకు రాలేదంటే అక్కడ లోడ్ లేదు, కెపాసిటర్ నిదానంగా దిగి ఆ 20 మిల్లీసెకన్లు దాటినాక గానీ లైను పడేది కాదు, ఈలోపు ఐఆర్‌క్యూ ఫ్రీ అయిపోయేది. గుంట దగ్గర పొడుగాటి కేబులు, దాని చివర నీళ్ళలో ఉండే సెన్సర్ ప్రోబు, టక్కున పడుద్ది. రైలుకి ఒక రెసిస్టర్ లోడ్‌గా కట్టి, కేసాన్ (కెర్నెల్‌లో మెమరీ తప్పులు పట్టే టూల్) ఆన్ చేసి తిప్పితే వెంటనే యూజ్ ఆఫ్టర్ ఫ్రీ (వదిలేసిన మెమరీని మళ్ళీ వాడటం) అని పేరు పెట్టి మరీ చూపించింది.

పెళ్ళయినాక సామియానా వాళ్ళు వచ్చి ఆఖరున కట్టింది ముందు విప్పుకుంటా పోతారే, డెవ్‌ఎం వరస అట్టాంటిది, ఆ వరసలో తప్పు లేదు. వాళ్ళు రాకముందే మనం చేత్తో గుంజ ఒకటి పీకితేనే మీద పడుద్ది. రిమూవ్ అనేది ఆ గుంజ పీకే చోటు.

సర్దుబాటు చూస్తే చిన్నదే, దానికే నాకు డెవ్‌ఎం మీద మళ్ళీ మనసు కుదిరింది. డెవ్‌ఎం యాడ్ యాక్షన్ ఆర్ రీసెట్ అని ఒక కాల్ ఉంది, మన సొంత క్లీనప్ ఫంక్షన్‌ని కూడా ఆ వరసలోకి చేర్చేస్తాది, చేర్చేటప్పుడు మెమరీ దొరక్క ఫెయిలయితే అక్కడికక్కడే ఆ క్లీనప్ నడిపి ఎర్రర్ ఇస్తాది, అంటే మధ్యలో లీకయ్యే సందు కూడా లేదు. రెగ్యులేటర్ ఎనేబుల్ చేసిన మరుక్షణం డిసేబుల్ చేర్చినాం, వర్క్‌క్యూ చేసిన వెంటనే డిస్ట్రాయ్ చేర్చినాం, ఇంటరప్ట్ అన్నిటికన్నా ఆఖర్న తీసుకున్నాం. ఇప్పుడు పోయేటప్పుడు ముందు ఐఆర్‌క్యూ పోతాది, నడస్తా ఉన్న హ్యాండ్లర్ ఉంటే అది అయ్యేదాకా ఆగి మరీ పోతాది, తర్వాత వర్క్‌క్యూ మిగిలిన పని పూర్తి చేసుకోని పోతాది, అప్పటికింకా చిప్‌కి కరెంటు ఉంది కాబట్టి ఐ2సీ రీడ్ కూడా ఫెయిలవదు, ఆఖర్న కరెంటు. రిమూవ్ ఫంక్షన్‌లో ఏమీ మిగల్లా, తీసేసినాం. కొత్త కెర్నెళ్ళలో రెగ్యులేటర్ తీసుకోని ఎనేబుల్ చేసే కాల్ డెవ్‌ఎంలో ఒకటిగానే ఉంది, క్లాక్‌కీ ఉంది, మాది బోర్డుతో వచ్చిన 5.10 కాబట్టి చేత్తోనే చేర్చుకోవాలి.

అంతటితో అంతా బాగైపోయిందని కాదు. మెమరీ సంగతి వేరే ఉంది. డెవ్‌ఎం మెమరీ ఆయుష్షు డివైస్ డ్రైవర్‌తో కట్టి ఉన్నంతవరకే, కానీ ఒక యాప్ మన క్యారెక్టర్ డివైస్‌ని (యాప్‌లకి ఫైల్‌లా కనిపించేది) తెరిచి కూర్చోని ఉంటే? అన్‌బైండ్ అయితే మెమరీ పోద్ది, యాప్ చేతిలో ఫైల్ మాత్రం అట్టనే ఉంటాది, తర్వాత రీడ్ కొడితే గల్లంతే. 2022 లినక్స్ ప్లంబర్స్ కాన్ఫరెన్స్‌లో కెర్నెల్ డెవలపర్ లారెంట్ పించార్ట్ డెవ్‌ఎం కేజెడ్‌ఆలాక్ (డెవ్‌ఎంతో మెమరీ తీసుకునే కాల్) హానికరం అని మాట్లాడింది దీని గురించే, వినేదాకా నాకు ఆ మాట కాస్త ఎక్కువ చేసినట్టు అనిపించేది, ఇప్పుడు సగం ఒప్పుకుంటా. సగమే ఎందుకంటే మేము సొంత క్యారెక్టర్ డివైస్ వదిలేసి ఐఐఓలోకి (సెన్సర్ల కోసం కెర్నెల్‌లో ఉన్న సబ్‌సిస్టమ్) మారినాం, అందులో ప్రైవేట్ డేటా ఐఐఓ డివైస్‌తో కలిపే ఉంటాది, చివరి రిఫరెన్స్ పోయేదాకా బతుకుతాది, అన్‌రిజిస్టర్ అయినాక యాప్ అడిగితే డివైస్ లేదని ఎర్రర్ వస్తాది, బోర్డు పడదు. అంటే మమ్మల్ని కాపాడింది డెవ్‌ఎం కాదు, సబ్‌సిస్టమ్. ఇంకోటి, యాప్ పిలిచినప్పుడల్లా నడిచే ఓపెన్‌లోనో ఐఓసీటీఎల్‌లోనో డెవ్‌ఎం మెమరీ తీసుకునే కోడ్ కనిపిస్తే నాకు చిరాకు, అది అన్‌బైండ్ దాకా వదలదు, నెలల తరబడి నడిచే పెట్టెలో పేరుకుంటానే ఉంటాది.

6.5 కెర్నెల్‌తో 2023లో వచ్చిన క్లీనప్ హెడర్ గురించి మా తమ్ముడొకడు అడిగాడు, అన్నా అదుంటే ఇంక డెవ్‌ఎం ఎందుకని. అది స్కోప్ దాటంగానే వదిలే సరుకు, లాక్‌లకీ, ఫంక్షన్‌లో తాత్కాలికంగా తీసుకునే మెమరీకీ బ్రహ్మాండం, డివైస్ ఉన్నంతసేపు ఉండాల్సిన ఇంటరప్ట్‌కి దాన్ని పెడితే ప్రోబ్ అయిపోంగానే ఐఆర్‌క్యూ కూడా పోద్ది. రెండూ వేరే వేరే పనులు, ఒకదానికి ఒకటి పోటీ కాదు.

మా పెట్టెల వరకైతే, అంటే బోర్డుకి అతికించిన చిప్పులు, ఐఐఓ లాంటి సబ్‌సిస్టమ్ వెనకాల చిన్న డ్రైవర్లు, వీటికి మళ్ళీ మొదట్నించి రాసినా డెవ్‌ఎంతోనే రాస్తా, రిమూవ్ ఫంక్షన్ మాత్రం ఖాళీగా ఉండాలి, లేదంటే డెవ్‌ఎం కాని మొదటి కాల్ వచ్చిన కాడ్నించి కిందదంతా చేత్తోనే, ఇంటరప్ట్‌తో సహా. యూఎస్‌బీ మీద ఎప్పుడంటే అప్పుడు పీకేసే డివైస్, సొంత క్యారెక్టర్ డివైస్, కెమెరా లాంటి పెద్ద సరుకు రాసేవాళ్ళు మాత్రం నా మాట పట్టుకోబాకండి, నేను ఆ పని చెయ్యలా. బోర్డుతో ఊరికే వచ్చిన డ్రైవర్లు వాడేవాళ్ళు, టెస్ట్ బోర్డులో ఒకసారి డ్రైవర్ రిమూవ్ టెస్ట్ కాన్ఫిగ్ ఆన్ చేసి చూడండి, అది బూట్‌లో ప్రతి డ్రైవర్‌నీ ప్రోబ్ చేసి, పీకి, మళ్ళీ ప్రోబ్ చేస్తాది. సంబంధం లేని డ్రైవర్లు కూడా బోర్లా పడతాయి, వాటిని చూసి భయపడబాకండి, మీదేదో చూసుకోండి.