గబుక్కున చెప్పేవాడా, ఆగి చూసేవాడా: లెక్కలకి ఏ బుర్ర మేలు?

రెండు రేవుల మధ్య తిరిగే లాంచీ ఏటివాలుకి గంటకి 12 కిలోమీటర్లు, ఎదురెక్కేటప్పుడు 6 కిలోమీటర్లు నడుస్తుంది. రానూపోనూ సగటు వేగం ఎంత? తొమ్మిదో తరగతిలో అడిగి చూడండి, ముందు లేచిన చెయ్యి 9 అంటుంది. జవాబు 8. రేవుల దూరం 12 కిలోమీటర్లనుకుంటే దిగడానికి గంట, ఎక్కడానికి రెండు. 24ని 3తో భాగించాలి. 9 అన్నవాడికి సగటు తెలియక కాదు. రెండు అంకెలు కనబడగానే కూడి సగం చేసేశాడు, ఎదురెక్కడానికి ఎక్కువసేపు పడుతుందన్న చోట ఆగలేదు.

ఈ తేడాని 1960లలో అమెరికా మనస్తత్వవేత్త జెరోమ్ కేగన్ బొమ్మలతో కొలిచాడు. ఒక బొమ్మ చూపించి, దాన్ని పోలిన ఆరింటిలో అచ్చంగా అలాంటిది పట్టుకోమంటారు. మొదటి జవాబుకి పట్టిన సమయం, చేసిన తప్పులు, రెండూ లెక్కేస్తారు. గబుక్కున చెప్పి ఎక్కువ తప్పులు చేస్తే తొందరవాడు, ఆగి చూసి తక్కువ తప్పులు చేస్తే నిదానస్తుడు.

పదహారు రకాల వ్యక్తిత్వాల పరీక్షలు ఫోన్లలో దొరుకుతున్నాయి గానీ, లెక్కల మాస్టారికి అవి పెద్దగా అక్కరకు రావు. చాలామంది నోరెత్తనివాళ్లు, గలగలా మాట్లాడేవాళ్లు అనే రెండు కొసల మధ్యే ఉంటారు; కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే రకమే మారిపోవచ్చు. పైగా నోరెత్తని పిల్లలంతా నిదానస్తులు కారు. వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చున్న అమ్మాయి కూడా కాగితం మీద 9 వేయగలదు.

పరీక్షల్లో ఎవరిది పైచేయి? అది పేపరుని బట్టి. ఏపీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్‌లో 180 నిమిషాలకి 160 ప్రశ్నలు, సగటున ఒక్కోదానికి 67న్నర సెకన్లు. తప్పుకి కోత లేదు. ఇక్కడ గబగబా వెళ్లేవాడిదే రాజ్యం. జేఈఈ మెయిన్‌లో అదే సమయానికి 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 144 సెకన్లు. ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. అంటే ఒక్క తొందర తప్పుకి చేతికందే నాలుగు పోయి, ఉన్నదాంట్లో ఇంకొకటి తరుగుతుంది. నిదానమే ప్రధానం అన్నది అన్ని పేపర్లకీ చెల్లే మాట కాదు.

తొందరవాడికి "మెల్లిగా చెయ్యి" అంటే పనిచెయ్యదు, ఎక్కడ ఆగాలో చెప్పాలి. లెక్క మొదలెట్టకముందే జవాబు దేనికి దగ్గరగా ఉండాలో మార్జిన్‌లో రాయించండి. లాంచీ 6తో నడిచే సమయమే ఎక్కువ కాబట్టి సగటు 12 కంటే 6కే దగ్గరవ్వాలి. అక్కడే 9 అనుమానంలో పడుతుంది. క్షేత్రగణితంలో బొమ్మ గీయించండి. 40 గజాలు, 121 గజాల చేను 4,840 చదరపు గజాలు, సరిగ్గా ఎకరం. రెండు వైపులా రెట్టింపు చేస్తే ఎంత? రెండెకరాలనేవాడు బొమ్మలో నాలుగు ముక్కలు కనబడగానే తనే దిద్దుకుంటాడు.

నిదానస్తుడి జబ్బు వేరు. వచ్చిన లెక్కనే అదే దారిలో మూడుసార్లు చేస్తాడు. మొదటిసారి చేసిన పొరపాటే మళ్లీ చేసి, సరిపోయిందనుకుంటాడు. ఈలోగా గంట కొట్టేస్తారు. సరిచూడ్డానికి వేరే దారి నేర్పాలి. x² − 7x + 12 = 0కి మూలాలు 3, 4 వచ్చాయా? 3ని ప్రతిక్షేపిస్తే 9 − 21 + 12 = 0, అలాగే 4ని చూస్తే చాలు, పని అయిపోయినట్టే. పేపర్ని రెండు విడతలుగా చేయించండి: రెండు నిమిషాల్లో దారి దొరకనిదానికి చుక్క పెట్టి ముందుకెళ్లాలి.

క్లాసులో మాత్రం మా ఓటు నిదానానికే, ఎందుకంటే తొందరవాడి జవాబు వినబడగానే మిగతా ముప్ఫైమందీ ఆలోచన ఆపేస్తారు. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో సైన్సు క్లాసుల్లో గమనించింది ఇదే: టీచర్లు ప్రశ్న వేశాక సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారు, మూడు సెకన్లు దాటి ఆగితే జవాబులు పొడవయ్యాయి, ఎక్కువమంది నోరు విప్పారు. లెక్కలకి ఇంకాస్త కావాలి. అందరూ నోట్‌బుక్‌లో రాసేదాకా చేతులెత్తనివ్వకండి.

ఒక్క జాగ్రత్త. బీజగణితంలో దూకేవాడే రేఖాగణితంలో బొమ్మ దగ్గర పావుగంట కూర్చోవచ్చు. అందుకే ఏడాది మొదట్లో వేసిన ముద్రతో సరిపెట్టక, ప్రతి అధ్యాయానికీ రఫ్ వర్క్ చూడండి: కొట్టివేతలు లేని తప్పులుంటే తొందర, ఒప్పుల మీదే కొట్టివేతలుంటే అతి నిదానం.