‘ఒత్తిడి తగ్గించే టీ’ కొనేవారికి హెచ్చరిక: ముందు డబ్బా వెనక చదవండి

ఆందోళన తగ్గి హాయిగా నిద్ర పడుతుందంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న హెర్బల్ టీ ఒకటి మా అమ్మ కోసం తెప్పించాను. వంద గ్రాముల డబ్బా 649 రూపాయలు. ముందువైపు సీమచామంతి పూలు, అశ్వగంధ వేళ్లు ముచ్చటగా అచ్చువేశారు. ‘రాత్రి పడుకునే ముందు ఒక కప్పు’ అని సలహా కూడా ఉంది.

పళ్లెంలో పోసి చూస్తే ముప్పావు వంతు నల్లగా ముడుచుకుపోయిన ఆకే. పూలు వెతికితే రెండో మూడో దొరికాయి, అవీ రేకులు రాలిపోయి పసుపుపచ్చని బొడిపెలే మిగిలినవి. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న దినుసుల పట్టికలో మొదటి పేరు గ్రీన్ టీ! దినుసులను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలన్నది లేబుల్ నిబంధన. అంటే డబ్బాలో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నది గ్రీన్ టీనే. అందులో కెఫీన్ ఉంటుంది. నిద్ర కోసమని రాత్రిపూట కెఫీన్ తాగించడం ఏ వైద్యమో వాళ్లకే తెలియాలి. అమ్మకు ఉన్న కాస్త నిద్రా పోయింది, గుండె దడ కూడా మొదలైంది.

పట్టిక చివర్లో అశ్వగంధ ఒక శాతం. వేరా, ఆకా అన్నది రాయలేదు. ఆకు వాడవద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లోనే తయారీదారులకు సూచించింది. పైగా అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు. అమ్మ థైరాయిడ్ మాత్ర వేసుకుంటుంది. గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవారు కూడా దీనికి దూరంగా ఉండాలి. అలాంటి హెచ్చరిక ఒక్కటీ డబ్బా మీద లేదు. అతిమధురం కూడా కలిపారు. అది మోతాదు మించితే రక్తపోటు పెరుగుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఫోనులో మాట్లాడిన ఆ టీ అమ్మకందారుల ‘నిపుణురాలు’ ఒక ఎత్తు. డాక్టరు ఆందోళనకు రాసిన మాత్రలు మానేస్తేనే టీ పనిచేస్తుందట! దయచేసి ఇలాంటి మాటలు వినకండి. ఆ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే కొందరికి ప్రాణం మీదికి వస్తుంది. మందు తగ్గించాలన్నా మానాలన్నా రాసిన డాక్టరే చెప్పాలి. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలిమానస్ ఉంది, 14416కు చేస్తే డబ్బులు అడగరు, తెలుగులోనూ మాట్లాడతారు.

కొనక తప్పదనుకుంటే వెనకవైపు ఫోటో పెట్టని అమ్మకందారు దగ్గర కొనకండి. 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్య ఉందో లేదో చూడండి, ఉన్నంత మాత్రాన సరుకు పనిచేస్తుందని కాదు.

తెరిచిన డబ్బా వెనక్కి తీసుకోరట. జాతీయ వినియోగదారుల సహాయవాణి (నంబరు 1915)లో ఫిర్యాదు నమోదు చేశాను.