తలుపు మీది ఆకుపచ్చ స్టిక్కర్: బ్రిటన్ కౌన్సిళ్ల ఫుడ్ హైజీన్ తనిఖీ ఎలా ఉంది?

లండన్‌లోని ఈస్ట్‌హామ్‌లో ఇడ్లీ, దోశ అమ్మే చిన్న హోటల్ దగ్గర్నుంచి ఇంట్లో బిర్యానీ వండి డెలివరీకి ఇచ్చేవాళ్ల దాకా, జనానికి తిండి అమ్మే అందరికీ ఈ తనిఖీ తప్పదు. ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ (ఎఫ్‌ఎస్‌ఏ), స్థానిక కౌన్సిళ్లు కలిసి 2010 నుంచి 0 నుంచి 5 దాకా రేటింగ్, ఆ అంకె ఉన్న స్టిక్కర్ ఇస్తున్నాయి; 5 అన్నిటికన్నా మంచిది. స్కాట్లండ్‌లో అంకెలు లేవు, పాస్ అయిందా, మెరుగుపడాలా అన్నదే చెబుతారు. సేవగా చూస్తే ఇది చాలా మంచిది. కానీ లెక్క ఎలా వేస్తారో తెలియక, వంటగది అద్దంలా ఉంచుకున్నవాళ్లు కూడా 5 పోగొట్టుకుంటున్నారు.

రేటింగ్ వెనకున్న మార్కుల లెక్క తిరగేసి ఉంటుంది: అవి తక్కువైతేనే మంచిది. ఆహారం వండే, నిల్వచేసే తీరుకు 0 నుంచి 25. గది, సామాన్ల స్థితికి 0 నుంచి 25. యాజమాన్యం మీద నమ్మకానికి 0 నుంచి 30. మొత్తం 15 దాటకపోతే రేటింగ్ 5. అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఏ ఒక్క విభాగంలోనూ 5 దాటకూడదు. రెండింటిలో సున్నా వచ్చి, మూడోదానిలో 10 పడితే మొత్తం 10 మాత్రమే అయినా చేతికి వచ్చేది 4. యాజమాన్యం విభాగంలో 20 పడిందంటే, మిగతా రెండూ సున్నాలైనా సరే, రేటింగ్ 1 దగ్గరే ఆగిపోతుంది.

ఆ మూడో విభాగమంటే చాలావరకు కాగితమే. 'సేఫర్ ఫుడ్, బెటర్ బిజినెస్' అనే ప్యాక్‌ను ఎఫ్‌ఎస్‌ఏ ఉచితంగా ఇస్తుంది. పేజీలు మీ వంటకు తగ్గట్టు నింపాలి. తెరిచేటప్పుడు, మూసేటప్పుడు చూసినవాటికి రోజూ డైరీలో సంతకం పెట్టాలి. ఏదైనా తేడా వస్తే ఏం జరిగింది, ఏం చేశారు అన్నది రాయాలి. నాలుగు వారాలకోసారి వెనక్కి చూసుకోవాలి. నెలరోజుల డైరీ ఒకే పెన్నుతో ఒకే పూట నింపితే తనిఖీకి వచ్చిన కౌన్సిల్ అధికారికి చూడగానే తెలిసిపోతుంది. వంటమనిషిని పిలిచి "చికెన్ ఉడికిందని ఎలా తెలుసుకుంటారు?" అని కూడా అడుగుతారు. లోపల 70 డిగ్రీలు 2 నిమిషాలు, లేదా 75 డిగ్రీలు 30 సెకన్లు అని అతను చెప్పగలగాలి, ప్రోబ్ థర్మామీటర్ (ఆహారంలోకి గుచ్చి వేడి కొలిచేది) వాడి చూపించగలగాలి. డైరీ యజమానికి మాత్రమే తెలిస్తే చాలదు.

మన వంటగదుల్లో అసలు ప్రమాదం అన్నం. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికించినా చావవు. వండిన గిన్నె అలాగే పొయ్యి పక్కన ఉంచితే అవి మొలిచి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే మధ్యాహ్నం వండిన డేగిసాను మూతపెట్టి సాయంత్రం దాకా వదిలేయడం అధికారులు తేలిగ్గా తీసుకోని తప్పు. వడ్డించేదాకా 63 డిగ్రీలకు తగ్గకుండా ఉంచాలి, లేదా వెడల్పాటి ట్రేలలో పలచగా పరిచి గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, 24 గంటల్లో వాడేయాలి. ఫ్రిజ్ విషయంలో చట్టం 8 డిగ్రీల దాకా ఒప్పుకుంటుంది గానీ 5 దగ్గర పెట్టుకోవడమే మేలు. మధ్యాహ్నం రద్దీలో తలుపు పదేపదే తెరిస్తే 3 డిగ్రీలు పెరగడం ఎంతసేపు?

ఇడ్లీ పిండి సంగతి వేరు. రాత్రంతా బయట పులియబెట్టడం చూసి, ఆ వంట తెలియని అధికారి సందేహపడటం సహజం. దానికొక పేజీ రాసిపెట్టండి: ఎన్ని గంటలు, ఏ గిన్నెలో, పులిసి ఆమ్లత పెరిగాక ఫ్రిజ్‌లోకి ఎప్పుడు, ఎన్ని రోజుల్లో వాడేస్తారు. ఇంగువ డబ్బా వెనక కూడా చదవండి. చాలా బ్రాండ్లలో గోధుమపిండి ఉంటుంది, అంటే గ్లూటెన్. పోపులోని ఆవాలు, పచ్చడిలోని నువ్వులు తప్పక చెప్పాల్సిన 14 అలర్జీ పదార్థాల్లో ఉన్నాయి.

గది విషయం త్వరగా తేలుతుంది. చేతులు కడుక్కోవడానికే ఒక బేసిన్ ఉండాలి, దానిలో వేడినీళ్లు, సబ్బు, పేపర్ టవల్ ఉండాలి. ఆ బేసిన్‌లో గిన్నెలు కనబడితే మార్కులు పెరిగి రేటింగ్ దెబ్బతింటుంది. శానిటైజర్ సీసా మీద బీఎస్ ఈఎన్ 1276 లేదా 13697 అనే ప్రమాణం నంబరు ఉందా చూడండి. ముందు జిడ్డు కడిగి, తర్వాత చల్లి, సీసా మీద రాసినంతసేపు ఆగాలి. చల్లిన వెంటనే గుడ్డతో తుడిచేస్తే చల్లనట్టే.

లోపాలూ ఉన్నాయి. వ్యాపారం ప్రారంభానికి 28 రోజుల ముందే ఉచితంగా కౌన్సిల్‌లో నమోదు చేసుకోవాలని నియమం, కానీ ఆ కౌన్సిల్ అధికారులే మొదటి తనిఖీకి ఆలస్యంగా రావడం మామూలే. అప్పటిదాకా వెబ్‌సైట్‌లో 'తనిఖీ జరగాల్సి ఉంది' అనే కనిపిస్తుంది. వేల్స్‌లో 2013 నుంచి, ఉత్తర ఐర్లండ్‌లో 2016 నుంచి స్టిక్కర్ అతికించడం తప్పనిసరి. ఇంగ్లండ్‌లో మాత్రం ఇష్టం, కాబట్టి 1 వచ్చినవాళ్లు దాచేస్తారు. ఇది సేవలోని పెద్ద బలహీనత, సరిదిద్దాల్సిందే.

తక్కువ రేటింగ్ వస్తే 21 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. తప్పులు నిజమే అయితే అప్పీలు జోలికి పోకుండా అవి సరిచేసి, రుజువులతో మళ్లీ తనిఖీ కోరడం మంచిది. చాలా కౌన్సిళ్లు దీనికి ఫీజు తీసుకుంటాయి, 3 నెలల్లోపు చెప్పకుండా వస్తాయి. రేటింగ్ పెరగవచ్చు, తగ్గనూ వచ్చు. రిపోర్టులో చట్టప్రకారం చేయాల్సినవీ సలహాలూ విడివిడిగా ఉంటాయి, డబ్బు ముందు మొదటివాటికి ఖర్చుపెట్టండి.

తినడానికి వెళ్లేవాళ్లు అంకెతోపాటు తేదీ చూడాలి. ప్రమాదం తక్కువనుకున్న చోటికి అధికారి మళ్లీ రావడానికి రెండేళ్లు పట్టవచ్చు. తలుపు మీద స్టిక్కర్ లేకపోతే ఎఫ్‌ఎస్‌ఏ వెబ్‌సైట్‌లో హోటల్ పేరు, పోస్ట్‌కోడ్ కొట్టండి, మూడు విభాగాల్లో ఎక్కడ తగ్గిందో కూడా కనిపిస్తుంది.