అన్నకు వృషణ క్యాన్సర్ వచ్చింది, తమ్ముడికి ఏది మేలు: ఏటా స్కానింగా, నెలనెలా చేత్తో చూసుకోవడమా?

అన్నకు వృషణ క్యాన్సర్ ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు తమ్ముళ్లు వచ్చి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "ఏడాదికోసారి స్కానింగ్ చేయించుకుంటే సరిపోతుందా? జన్యు పరీక్ష ఏదైనా ఉందా?" బాగా చదువుకుని వచ్చినవారు రక్తపరీక్షల పేర్లు కూడా చెబుతారు. నెలకోసారి స్నానాల గదిలో చేత్తో చూసుకోవడం గురించి మాత్రం ఎవరూ అడగరు. డబ్బు ఖర్చు కాని పరీక్ష మీద మనకు నమ్మకం తక్కువ. నేను ఆ పరీక్ష వైపే ఉన్నాను.

అన్నకు వస్తే తమ్ముడికి ప్రమాదం "ఎనిమిది రెట్లు" అన్న మాట చదివి నిద్ర పట్టనివారి కోసం ముందు ఒక లెక్క. అన్నదమ్ముల్లో ఒకరికి వస్తే మరొకరికి ప్రమాదం 4 నుంచి 10 రెట్లు, తండ్రికి వస్తే కొడుకుకు 2 నుంచి 4 రెట్లు పెరుగుతుందని వేర్వేరు అధ్యయనాల్లో తేలింది. అయితే దేనికి అన్ని రెట్లు అన్నది చూడాలి. మన దేశంలో ఏటా లక్ష మంది మగవాళ్లలో ఒకరికి కూడా ఈ జబ్బు రాదు. నార్వే, డెన్మార్క్‌లలో లక్షకు సుమారు పది మందికి వస్తుంది. ఆ రెట్లు ఎక్కువగా ఐరోపా, అమెరికా కుటుంబాల్లో కట్టినవి. అవే మనకూ వర్తిస్తాయనుకున్నా, అన్నకు జబ్బు వచ్చిన తెలుగు యువకుడి ప్రమాదం ఇంట్లో ఎవరికీ ఆ జబ్బు లేని నార్వే యువకుడి ప్రమాదాన్ని దాటదు. పైగా ఈ క్యాన్సర్ వచ్చినవారిలో నూటికి ఒకరిద్దరి ఇళ్లలోనే అది అంతకుముందు మరొకరికి వచ్చి ఉంటుంది. భయపడాల్సినంత లేదు, పట్టించుకోకుండా ఉండగలిగినంత తక్కువా కాదు.

జన్యు పరీక్షను రెండు మాటల్లో తేల్చేయవచ్చు. రొమ్ము క్యాన్సర్‌కు బీఆర్‌సీఏ ఉన్నట్టు, ఉందో లేదో చూసి ఒక నిర్ణయానికి రాగలిగే జన్యువు దీనికి దొరకలేదు. 2009లో బయటపడిన కేఐటీఎల్‌జీ జన్యు ప్రాంతం ఇప్పటిదాకా దొరికినవాటిలో బలమైనది. దాని తర్వాత డెబ్బైకి పైగా చోట్ల చిన్నచిన్న తేడాలు కనుగొన్నారు. ఒక్కొక్కటి ప్రమాదాన్ని కొద్దికొద్దిగా పెంచేదే. వాటన్నిటినీ కూడి ఒక తమ్ముడికి "నువ్వు ఇది చెయ్యి, నీకిది అక్కర్లేదు" అని చెప్పగలిగే స్థితి ఇంకా రాలేదు. ఆ డబ్బు మిగుల్చుకోండి.

ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్తపరీక్షలు కణితి ఉందని తేలాక చాలా విలువైనవి. జబ్బు లేని మనిషిలో వెతకడానికి పనికిరావు. ఈ క్యాన్సర్‌లోని సెమినోమా అనే రకంలో ఏఎఫ్‌పీ పెరగనే పెరగదు. ఆ రకం ఉన్నవారిలో ఎక్కువమందికి హెచ్‌సీజీ కూడా మామూలుగానే ఉంటుంది. రిపోర్టు బాగుందని ధీమాగా ఇంటికి వెళ్లిపోవడమే ఇక్కడి ప్రమాదం.

అసలు పోటీ స్కానింగ్‌కూ చేతికీ మధ్యే. స్కానింగ్ గొప్పతనాన్ని తక్కువ చేయను. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ లేదు, నొప్పి లేదు. వృషణం లోపల ఉన్న గడ్డను అది దాదాపు తప్పిపోనివ్వదు. కొందరికి దాని అవసరం ఎక్కువ కూడా. చిన్నప్పుడు వృషణం కిందికి దిగక ఆపరేషన్ చేయించుకున్నవారు, ఒక వృషణం బాగా చిన్నబోయినవారు, ఇప్పటికే ఒక పక్క క్యాన్సర్ వచ్చి తగ్గినవారు ఆ కోవలోకి వస్తారు. తండ్రికో అన్నకో జబ్బు వచ్చి, స్కానింగ్‌లో సున్నపు చుక్కలు, అంటే మైక్రోలిథియాసిస్, కనిపించినవారికీ ఏటా స్కానింగ్ సమంజసమే. ఇవేవీ లేని తమ్ముడికి మొదట ఒకసారి చేయిస్తే చాలని నా అభిప్రాయం.

ఏటా ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. ఈ క్యాన్సర్లలో కొన్ని 10 నుంచి 30 రోజుల్లో రెట్టింపవుతాయి. సంక్రాంతికి చేయించిన స్కానింగ్ శుభ్రంగా ఉండి, వేసవిలో మొదలైన గడ్డ దసరాకల్లా పొట్టలోని గ్రంథులకు పాకవచ్చు. అప్పటికి తర్వాతి స్కానింగ్ ఇంకా మూడు నెలల దూరంలో ఉంటుంది. "జనవరిలోనే చూపించుకున్నాను కదా" అన్న నమ్మకంతో ఆ మనిషి చేతికి తగిలినదాన్ని కూడా కొట్టిపారేస్తాడు. నాకు నిర్ణయాత్మకంగా తోచే అంశం ఇదే. వేగంగా పెరిగే జబ్బుకు ఎంత సూక్ష్మంగా చూశామన్నదానికంటే ఎంత తరచుగా చూశామన్నది ముఖ్యం. ఇంకో చిక్కు కూడా ఉంది. చేతికి తగలనంత చిన్న మచ్చలు స్కానింగ్‌లో బయటపడితే వాటిలో చాలావరకు హానిలేనివే అయినా, ఆ సంగతి తేలేదాకా మనిషికి మనశ్శాంతి ఉండదు. కొన్నిసార్లు కత్తి కూడా పడుతుంది.

చేతి పరీక్షకు రెండు నిమిషాలు చాలు. వేడినీళ్ల స్నానం తర్వాత చర్మం వదులుగా ఉన్నప్పుడు ఒక్కో వృషణాన్ని బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య మెల్లగా దొర్లించి చూసుకోవాలి. తొక్క తీసిన ఉడికించిన గుడ్డులా నునుపుగా ఉండాలి. వెనుకవైపు మెత్తగా, తాడులా తగిలేది ఎపిడిడిమిస్, అది అందరికీ ఉంటుంది. మొదటిసారి చూసుకున్న చాలామంది దాన్నే గడ్డ అనుకుని హడలిపోతారు. ఒకటి కాస్త పెద్దదిగానో కిందికిగానో ఉండటం కూడా మామూలే. వెతకాల్సింది గట్టిగా తగిలే నొప్పిలేని గడ్డ, పోయిన నెల లేని బరువు, మారిన ఆకారం. రెండుమూడు నెలలు అలవాటైతే మీ శరీరం మీకు తెలిసినంతగా ఏ డాక్టరుకూ తెలియదు.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని దాచను. ఏ ముందస్తు పరీక్షలు మేలో సలహా ఇచ్చే నిపుణుల బృందం, అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, 2011లో ఈ పరీక్షలు వద్దని చెప్పింది. జబ్బు అరుదు, ముదిరాక దొరికినా ఎక్కువమందికి నయమవుతుంది, స్వయంపరీక్ష ప్రాణాలు కాపాడుతుందన్న రుజువు లేదు అన్నవి దాని కారణాలు. ఏ లక్షణాలూ లేని మగవాళ్లందరికీ కలిపి చెప్పిన మాట అది. ఇంట్లో జబ్బు ఉన్నవారికి, ఇతర ప్రమాద కారణాలు ఉన్నవారికి స్వయంపరీక్ష నేర్పమని ఐరోపా యూరాలజీ సంఘం సూచిస్తోంది. ఇక్కడ ప్రాణంతో పాటు చికిత్స బరువును కూడా తూచాలి. మొదటి దశలో దొరికితే నూటికి 99 మందికి నయమవుతుంది, చాలామందికి ఆపరేషన్, ఆ తర్వాత పర్యవేక్షణతో సరిపోతుంది. పాకాక దొరికితే సిస్‌ప్లాటిన్ అనే మందుతో కూడిన కీమోథెరపీ మూడు నాలుగు విడతలు. 1974లో ఇండియానా విశ్వవిద్యాలయంలో డాక్టర్ లారెన్స్ ఐన్‌హార్న్ మొదలుపెట్టిన ఆ చికిత్స ఈ జబ్బు కథనే మార్చేసింది. 2012లో యువరాజ్ సింగ్ ఛాతీలో కణితికి వైద్యం చేయించుకున్నదీ ఆయన దగ్గరే. అది వృషణంలో పుట్టకపోయినా ఇదే జాతి కణితి. మందు గొప్పదే, కానీ వినికిడి మీద, మూత్రపిండాల మీద, కాళ్లూ చేతుల నరాల మీద, సంతానం మీద దాని ప్రభావం ఉంటుంది. పాతికేళ్ల కుర్రవాడికి అవి చిన్న విషయాలు కావు.

మన దగ్గర ఆలస్యానికి అసలు కారణం పరీక్షలు లేకపోవడం కాదు. గోదావరి జిల్లాల్లో, తీరం పొడవునా బోదకాలు జబ్బు వల్ల వరిబీజం అందరికీ తెలిసినదే. అక్కడ వాపు కనిపిస్తే వరిబీజమే అనుకుని ఏళ్లు గడిపేస్తారు, కొందరు సూదితో నీరు తీయించుకుంటారు. గడ్డ చుట్టూ కూడా నీరు చేరవచ్చు, కాబట్టి స్కానింగ్ చేయకుండా అక్కడ సూది గుచ్చనివ్వకండి. వృషణం నుంచి లింఫు అనే ద్రవం పొట్టలోని గ్రంథులకు పోతుంది, పైచర్మం నుంచి గజ్జల్లోకి పోతుంది. ఆ సూది క్యాన్సర్‌కు లేని దారి చూపుతుంది. ఆపరేషన్ గజ్జ దగ్గర కోసి చేసేదీ అందుకే. క్రికెట్ బంతి తగలడం వల్ల వచ్చిన వాపు అనుకునేవారూ ఉన్నారు. దెబ్బతో ఈ క్యాన్సర్ రాదు, దెబ్బ తగిలాకే చెయ్యి అక్కడికి పోతుంది.

గజ్జలో కోత పడుతుంది కనుక చాలా ఇళ్లలో బంధువులకు "హెర్నియా ఆపరేషన్" అని చెబుతారు. పెళ్లి సంబంధాలు చూసే వయసు కదా అని పెద్దల భయం. ఊరికి చెప్పకపోతే పోనీ, సొంత తమ్ముడికి కూడా అదే చెబితే తనకు ఉన్న ప్రమాదం అతనికి ఎప్పటికీ తెలియదు. తెలియనివాడికి నేను పైన చెప్పిన నాలుగు దారుల్లో ఒక్కటీ లేదు. అన్నయ్యలే స్వయంగా చెప్పాలి, నాన్నలు పదిహేనేళ్ల కొడుకును కూర్చోబెట్టి చెప్పాలి.

గడ్డ తగిలితే వచ్చే నెల మళ్లీ చూద్దామని ఆగకుండా ఆ వారమే యూరాలజిస్టును కలిసి స్కానింగ్ చేయించుకోండి, అప్పుడు స్కానింగ్‌ను మించింది లేదు. ఇంట్లో ఈ జబ్బు ఉండి పసివాడు పుడితే మాత్రం దారి వేరు: రెండు వృషణాలూ సంచిలోకి దిగాయో లేదో డాక్టరు చేత చూపించండి. ఆరు నెలలు నిండినా దిగకపోతే పిల్లల సర్జన్‌ను కలిసి, ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయించండి.